కెమ్నిట్జ్ నుంచి కాకినాడ దాకా: గర్భిణులూ పాదరసమూ

జర్మనీ తూర్పు భాగంలోని సాక్సనీ రాష్ట్రంలో, ఎర్ట్స్‌గెబిర్గే అనే ఖనిజ పర్వతశ్రేణి పాదాల దగ్గర వెలసిన కెమ్నిట్జ్ నగరానికి పాదరసంతో రెండు రకాల చుట్టరికం ఉంది. మొదటిది వైద్యపరమైనది: గనుల్లోనూ కొలిమిల దగ్గరా పనిచేసేవారి జబ్బులను గ్రంథస్థం చేసిన తొలి వైద్యుల్లో ఒకరైన గెయోర్గియుస్ అగ్రికోలా 1531లో ఈ ఊరికి నగర వైద్యుడిగా వచ్చి, 1546లో మేయరై, 1555లో ఇక్కడే కన్నుమూశారు. రెండోది బొగ్గుకు సంబంధించినది: 1980వ దశకంలో నిర్మాణం పూర్తయిన 302 మీటర్ల పొగగొట్టం, నగరానికి వేడినీళ్లూ విద్యుత్తూ అందించేందుకు మండించిన గోధుమరంగు బొగ్గు పొగను దశాబ్దాల పాటు ఆకాశంలోకి వదిలింది. అగ్రికోలా కాలానికీ ఆ పొగగొట్టం కాలానికీ నడుమ గడిచిన నాలుగు వందల పైచిలుకు ఏళ్లలో పాదరసం గురించి మనిషి తెలుసుకున్న సంగతుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. తల్లికి ఏ బాధా తెలియనంత కొద్ది మోతాదులో కూడా ఈ లోహం ఆమె కడుపులోని బిడ్డ మెదడును దెబ్బతీయగలదు. తల్లి ఒంట్లో కనిపించే లక్షణాల కోసం ఎదురుచూస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది గనుక, బిడ్డను కాపాడే జాగ్రత్తలన్నీ ముందుగా తీసుకోవలసినవే.

పాదరసం మూడు రూపాలు

పాదరసం ఏ రూపంలో ఒంట్లోకి చేరిందన్నదాన్ని బట్టి అది చేసే హాని మారుతుంది గనుక ముందుగా ఆ రూపాలను వేరుచేసి చూడాలి. మొదటిది పాత థర్మామీటర్లలోనూ రక్తపోటు కొలిచే పాత పరికరాల్లోనూ వెండిలా మెరిసే ద్రవలోహం. దీన్ని పొరపాటున మింగితే పేగులు దాదాపుగా పీల్చుకోవు. అయితే నేల మీద ఒలికిన చుక్కల నుంచి రంగూ వాసనా లేకుండా లేచే ఆవిరిని పీల్చినప్పుడు మాత్రం అందులో సుమారు 80 శాతం ఊపిరితిత్తుల గుండా రక్తంలో కలుస్తుంది. రెండోది పాదరస లవణాలు, అంటే పాదరసం క్లోరిన్ వంటి ఇతర మూలకాలతో కలిసి ఏర్పడే పదార్థాలు. చర్మాన్ని తెల్లబరుస్తామని చెప్పి అమ్మే కొన్ని క్రీముల్లో దొరికేవి ఇవే, ఇవి ప్రధానంగా మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూడోది, గర్భిణులకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది, మిథైల్ మెర్క్యురీ. నదుల, చెరువుల, సముద్రాల అడుగు బురదలో గాలి సోకని చోట బతికే కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని కర్బనంతో జతచేసి తయారుచేసే ఈ పదార్థం చేపల కండలో చేరుతుంది, ఆ చేపను తిన్నవారి పేగుల నుంచి దాదాపు 95 శాతం నేరుగా రక్తంలోకి వెళుతుంది.

అగ్రికోలా చూసినది, చూడలేకపోయినది

అగ్రికోలా కెమ్నిట్జ్‌కు రాకముందు ఇదే పర్వతశ్రేణికి ఆవలి వైపున, నేటి చెక్ దేశంలో ఉన్న యోఆఖిమ్‌స్టాల్ అనే వెండి గనుల పట్టణంలో వైద్యుడిగా పనిచేశారు. అక్కడ మొదలైన పరిశీలనలను కెమ్నిట్జ్‌లో రెండు దశాబ్దాలకు పైగా కొనసాగించి రాసిన ‘డె రె మెటాలికా’ అనే పన్నెండు భాగాల లాటిన్ గ్రంథం, ఆయన మరణించిన మరుసటి ఏడాది 1556లో బాజెల్ నగరంలో అచ్చయింది. పాదరసపు ఖనిజాన్ని కుండల్లో వేసి కాల్చే పద్ధతిని వివరించేచోట, ఆ పొగ పళ్లను వదులు చేస్తుందనీ, అందుకే పనివాళ్లు గాలికి వీపు పెట్టి నిలబడతారనీ ఆయన రాశారు. పళ్లు కదలడం, చిగుళ్లు వాయడం పాదరసపు ఆవిరి చేసే హానికి గుర్తులని నేటి వైద్యశాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. గని దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి మగవాళ్లు త్వరత్వరగా చనిపోవడం వల్ల కార్పాతియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకున్న స్త్రీలున్నారని కూడా ఆయనే నమోదు చేశారు. గనుల పనిలో స్త్రీలు కూడా ఉండేవారు: ఆ గ్రంథంలోని చెక్క అచ్చుబొమ్మల్లో వారు బల్లల ముందు కూర్చుని ఖనిజం ఏరుతూ కనిపిస్తారు.

అగ్రికోలా తరువాత కూడా ఈ ప్రాంతం పాదరసాన్ని విడిచిపెట్టలేదు. కెమ్నిట్జ్‌కు తూర్పున ఉన్న ఫ్రైబెర్గ్ పట్టణం పక్కన హాల్స్‌బ్రూకెలో 18వ శతాబ్దం చివర, ఖనిజపు పొడిని పాదరసంతో కలిపి వెండిని వేరుచేసే పెద్ద కర్మాగారమే నడిచింది. దక్షిణ జర్మనీలోని ఫ్యుర్త్ పట్టణంలో అద్దాలకు పాదరసపు పూత వేసే కార్మికుల వణుకునూ నోటి పుండ్లనూ మతి చలనాన్నీ పరిశీలించి ఆడోల్ఫ్ కుస్‌మౌల్ అనే వైద్యుడు 1861లో ఒక ప్రామాణిక గ్రంథం ప్రచురించారు. ఈ పరిశీలనలన్నిటిలోనూ వైద్యుల చూపు ప్రధానంగా ఆవిరి పీల్చిన మనిషి మీదే నిలిచింది. ఇంకా ఊపిరి పీల్చడం మొదలుపెట్టని బిడ్డకు ఏమవుతుందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు దొరకడానికి 20వ శతాబ్దం సగం గడవవలసి వచ్చింది.

మాయ అడ్డుగోడ అన్న నమ్మకం

గర్భాశయానికి అంటుకుని ఉండి, తల్లి రక్తం నుంచి బిడ్డకు ఆహారాన్నీ ప్రాణవాయువునూ అందించే అవయవాన్ని తెలుగులో మాయ అంటారు. ఈ మాయ మంచిని లోపలికి రానిచ్చి విషాన్ని బయటే ఆపేస్తుందని 1950ల దాకా వైద్యులు చాలావరకు నమ్మారు. ఆ నమ్మకాన్ని రెండు విషాదాలు దాదాపు ఒకే కాలంలో కూలదోశాయి. మొదటిది పశ్చిమ జర్మనీలో 1957లో అమ్మకానికి వచ్చిన థాలిడొమైడ్ అనే నిద్రమాత్ర. గర్భిణులు వేసుకున్న ఆ మాత్ర వల్ల వేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఎదగకుండా పుట్టడంతో 1961లో దాన్ని ఉపసంహరించుకున్నారు. అప్పటికి కార్ల్‌మార్క్స్‌స్టాట్ అన్న పేరుతో తూర్పు జర్మనీలో ఉన్న కెమ్నిట్జ్‌లోని తల్లులకు ఆ ఆపద తప్పింది, ఎందుకంటే తూర్పు జర్మనీ ఆ మందుకు అనుమతి ఇవ్వలేదు.

రెండో విషాదం జపాన్‌లోని మినమాతా తీరంలో జరిగింది. అసిటాల్డిహైడ్ అనే రసాయనాన్ని తయారుచేసే చిస్సో కర్మాగారం నుంచి మిథైల్ మెర్క్యురీ కలిసిన నీరు ఏళ్ల తరబడి సముద్రంలోకి వెళ్లగా, అక్కడి చేపలు తిన్న జాలరి కుటుంబాల్లో నడక తడబడడం, చూపు కుంచించుకుపోవడం, మాట ముద్దగా రావడం వంటి లక్షణాలతో ఒక కొత్త జబ్బు 1956 మే 1న అధికారికంగా నమోదైంది. అదే ఊళ్లలో ఒక్క చేపముక్క కూడా తినకముందే, పుట్టుకతోనే మెడ నిలపలేని, మాట్లాడలేని, ఎదుగుదల లేని పిల్లలు కనిపించసాగారు. వారి తల్లుల్లో చాలామందికి జబ్బు లక్షణాలు లేవు, లేదా చాలా స్వల్పంగా ఉన్నాయి. ఆ పిల్లలకు గర్భంలో ఉండగానే విషం సోకిందని 1962లో అధికారికంగా ఒప్పుకున్నారు. ఈ నిజాన్ని బలపరిచిన సాక్ష్యం జపాన్ కుటుంబాల పెట్టెల్లోనే దొరికింది. బిడ్డ పుట్టాక రాలిన బొడ్డుతాడు ముక్కను ఎండబెట్టి చిన్న చెక్కపెట్టెలో దాచుకునే ఆచారం అక్కడ ఉంది. మసజుమి హరదా వంటి వైద్యులు అలా దాచిన బొడ్డుతాళ్లను సేకరించి పరీక్ష చేయించగా, ఏ ఏళ్లలో పుట్టిన బిడ్డలకు ఎంత మిథైల్ మెర్క్యురీ చేరిందో ఆ ఎండిన పేగుముక్కలే తేల్చిచెప్పాయి.

విషం బిడ్డను చేరే తోవ

మిథైల్ మెర్క్యురీ మాయను దాటే తీరు ఒక మారువేషం వంటిది. మాంసకృత్తులకు మూలమైన చిన్న పదార్థాలను అమైనో ఆమ్లాలంటారు. బిడ్డ ఎదుగుదలకు అవి తప్పనిసరి గనుక మాయలో వాటిని లోపలికి చేరవేసే ప్రత్యేక వాహకాలుంటాయి. రక్తంలోని మిథైల్ మెర్క్యురీ సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో జతకట్టి మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని పోలిన రూపం పొందుతుంది, దాంతో ఆ వాహకాలు దాన్నీ పోషకంగానే భావించి బిడ్డవైపు మోసుకుపోతాయి. ఫలితంగా బొడ్డుతాడు రక్తంలో మిథైల్ మెర్క్యురీ తల్లి రక్తంలోకన్నా సగటున ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. ద్రవలోహపు ఆవిరి తోవ వేరు: అది రక్తంలో కరిగి మాయను సులువుగా దాటిపోతుంది, బిడ్డ ఒంట్లోకి వెళ్లాక రసాయనికంగా మారి తిరిగి బయటకు రాలేక అక్కడే చిక్కుకుపోతుంది.

ఎదిగిన మనిషి మెదడులో మిథైల్ మెర్క్యురీ కొన్ని భాగాలను, ముఖ్యంగా చూపుకూ నడక తూకానికీ సంబంధించిన భాగాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది. గర్భస్థ శిశువు మెదడులో ఆ హాని అంతటా పరుచుకుంటుంది, ఎందుకంటే ఆ నెలల్లో మెదడు కణాలు విడిపోతూ, పుట్టిన చోటు నుంచి తమ శాశ్వత స్థానాలకు కదిలిపోతూ ఉంటాయి, ఆ విభజననూ కదలికనూ నడిపించే సన్నని నాళికలను పాదరసం చెదరగొడుతుంది. మిథైల్ మెర్క్యురీ తల్లి రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 50 నుంచి 70 రోజులు పడుతుంది గనుక, గర్భం దాల్చిన సంగతి తెలిశాక మొదలుపెట్టే జాగ్రత్త మొదటి నెలలకు పూర్తిగా అందదు. బిడ్డను కోరుకునే దంపతులు కొన్ని నెలల ముందు నుంచే తిండిలో మార్పు చేసుకోవాలని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

పొగగొట్టం నుంచి పళ్లెం దాకా

ఒక టన్ను బొగ్గులో ఉండే పాదరసం సాధారణంగా గ్రాములో చిన్న భాగమే అయినా, ఏటా లక్షల టన్నులు మండించే చోట ఆ చిన్న భాగాలే కిలోలవుతాయి. మనుషుల పనుల వల్ల 2015లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,220 టన్నుల పాదరసం గాలిలో కలిసిందనీ, అందులో అయిదో వంతు బొగ్గు మండించడం నుంచే వచ్చిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా వేసింది. గాలిలోని పాదరసం ఖండాలు దాటి ప్రయాణించి వానతో కిందికి దిగుతుంది, బురదలోని సూక్ష్మజీవుల చేతిలో మిథైల్ మెర్క్యురీ అవుతుంది, నాచు నుంచి చిన్న చేపకూ, చిన్న చేప నుంచి దాన్ని మింగే పెద్ద చేపకూ చేరుతూ ప్రతి మెట్టులోనూ పేరుకుంటుంది. నీటిలో లెక్కకు కూడా అందనంత తక్కువగా ఉన్నది వేటచేప కండకు వచ్చేసరికి లక్షల రెట్లు పెరగగలదు.

కెమ్నిట్జ్ ఊరిమధ్య పారే అదే పేరుగల నది స్వికావర్ ముల్డె, ముల్డె నదుల మీదుగా ఎల్బేలో కలుస్తుంది. 1990కి ముందు రసాయన పరిశ్రమల వల్ల ఐరోపాలోనే అత్యంత కలుషితమైన నదుల్లో ఒకటిగా పేరుపడిన ఆ ఎల్బే చేపల్లో పాదరసం ఇప్పటికీ పర్యావరణ ప్రమాణాన్ని మించే ఉంది. అయినా మార్పు మొదలైంది. 2013లో డానియెల్ బ్యురెన్ అనే ఫ్రెంచి కళాకారుడి రూపకల్పన ప్రకారం ఏడు రంగులు పూసుకున్న కెమ్నిట్జ్ పొగగొట్టం కింద గోధుమరంగు బొగ్గు మంటలు 2024 ఆరంభంలో ఆరిపోయాయి, వాటి స్థానంలో సహజవాయువు వచ్చింది.

ఎంత తింటే ఎంత

కొద్ది మోతాదుల ప్రభావాన్ని తేల్చేందుకు జరిగిన పరిశోధనల్లో రెండు ప్రసిద్ధమైనవి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో పైలట్ తిమింగలం మాంసం తినే తల్లులకు 1986-87లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను ఫిలిప్ గ్రాంజాన్ బృందం ఏళ్ల తరబడి పరీక్షించగా, బొడ్డుతాడు రక్తంలో పాదరసం ఎక్కువగా ఉన్నవారికి ఏడేళ్ల వయసులో భాష, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చాయి. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో చేపలు బాగా తినే తల్లుల పిల్లల్లో అటువంటి లోపం స్పష్టంగా కనిపించలేదు. చేపలోని మంచి కొవ్వులు పాదరసపు హానిని కొంత కప్పి ఉంటాయని పరిశోధకులు భావిస్తున్నారు. ఈ రెండింటినీ కలిపి చూస్తే చేప మానడం పరిష్కారం కాదనీ, ఏ చేప తినాలో ఎంచుకోవడమే పరిష్కారమనీ తేలుతుంది.

ఐరోపా ఆహార భద్రత సంస్థ 2012లో నిర్ణయించిన ప్రకారం ఒక మనిషి తన బరువులో కిలోకు వారానికి 1.3 మైక్రోగ్రాములకు మించి మిథైల్ మెర్క్యురీ తీసుకోకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షో వంతు. అరవై కిలోల బరువున్న స్త్రీకి ఆ లెక్కన వారానికి 78 మైక్రోగ్రాములు వస్తాయి. కిలోకు అర మిల్లీగ్రాము పాదరసమున్న వేటచేప ముక్కలు 150 గ్రాములు తింటే 75 మైక్రోగ్రాములు చేరి వారం కోటా ఒక్క భోజనంతోనే దాదాపు అయిపోతుంది. అందులో పదో వంతు పాదరసమే ఉన్న చిన్నచేపలైతే అదే కోటాలో కిలోన్నర దాకా తినవచ్చు.

చట్టం మోసే బరువు

తల్లి ఒక్కతే జాగ్రత్తపడితే చాలదని ఐరోపా చట్టాలు గుర్తించాయి. గర్భిణి ఉద్యోగుల రక్షణకు ఐరోపా 1992లో చేసిన ఆదేశం, యజమాని ముందుగా ప్రమాదాన్ని అంచనా కట్టవలసిన పదార్థాల జాబితాలో పాదరసాన్ని పేరు పెట్టి చేర్చింది. జర్మనీ మాతృరక్షణ చట్టం 2018 జనవరి 1 నుంచి విద్యార్థినులకు కూడా వర్తిస్తోంది. కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకునే భారతీయులు ఎక్కువగానే ఉన్నారు గనుక, ఈ సవరణ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లిన అమ్మాయిలకూ పనికివచ్చేదే: ప్రయోగశాలలో పనిచేసే విద్యార్థిని తన గర్భం సంగతి విశ్వవిద్యాలయానికి తెలిపితే, హాని చేయగల పదార్థాలకు ఆమెను దూరంగా ఉంచే బాధ్యత సంస్థ మీద పడుతుంది.

పంటి రంధ్రాలు పూడ్చే వెండిరంగు అమాల్గం బరువులో దాదాపు సగం పాదరసమే. ఐరోపా సమాఖ్య 2018 జూలై 1 నుంచి గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ పదిహేనేళ్ల లోపు పిల్లలకూ దాని వాడకాన్ని ఆపేసి, 2025 జనవరి 1 నుంచి అరుదైన వైద్య అవసరాలకు తప్ప అందరికీ నిషేధించింది. నోట్లో ఇప్పటికే ఉన్న గట్టి పూడికను భయపడి గర్భంతో ఉండగా తీయించుకోవడం మాత్రం పొరపాటు, ఎందుకంటే దాన్ని తొలిచేటప్పుడే ఆవిరి ఎక్కువగా వెలువడుతుంది. పాదరసాన్ని అదుపుచేసే చర్యలకు ప్రపంచస్థాయి గొడుగుగా నిలిచిన మినమాతా ఒప్పందం 2013లో కుదిరి 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. జర్మనీ 2017లోనూ భారతదేశం 2018లోనూ దాన్ని ధ్రువీకరించాయి. బొగ్గు విద్యుత్ కేంద్రాలు వదిలే పాదరసానికి భారత ప్రభుత్వం 2015 డిసెంబరులో పరిమితి విధించింది.

తెలుగు వంటింట్లో

జర్మనీ చేపల దుకాణాల్లో షిల్లర్‌లోకెన్ పేరుతో వంకులు తిరిగిన పొగబెట్టిన చేపముక్కలు అమ్ముతారు. అవి ఒక చిన్న సొర పొట్టభాగమని పేరును బట్టి తెలియదు. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ సొర, కత్తిచేప, ట్యూనా వంటి వాటిని తగ్గించాలని అక్కడి ప్రభుత్వ సంస్థలు హెచ్చరిస్తాయి. ఇదే హెచ్చరికను కాకినాడ వంటి ఊళ్లున్న కోస్తా ఆంధ్రకు అన్వయిస్తే ఒక సున్నితమైన చోటికి చేరుకుంటాం, ఎందుకంటే బాలింతకు పాలు పడతాయని పాల సొర పుట్టు వండిపెట్టడం అక్కడ ప్రేమతో పాటించే ఆచారం. చిన్న సొరల్లో పాదరసం పెద్ద సొరల్లోకన్నా తక్కువే అయినా, సొరలు ప్రధానంగా వేటచేపలే గనుక రోజూ పెట్టకుండా అరుదుగా పెట్టడం మేలు. పెద్ద సొర, కొమ్ముకోనాం, పెద్ద సూర చేపలను మాత్రం గర్భిణులూ బాలింతలూ పూర్తిగా మానుకోవాలి. వంజరం కూడా వేటచేపే గనుక ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయాలి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, రొయ్యలు, చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి వంటివి తక్కువ పాదరసంతో మంచి మాంసకృత్తులనూ, బిడ్డ మెదడుకు కావలసిన కొవ్వులనూ ఇస్తాయి. వారానికి రెండు మూడుసార్లు వీటిని తినడం తల్లికీ బిడ్డకూ మేలు.

తిండి కాని తోవలు కూడా కొన్నున్నాయి. ముఖం తెల్లబడుతుందని వాడే, తయారీదారు వివరాలు లేని క్రీములను గర్భిణులు ముట్టుకోకూడదు. కేరళలో ఇటువంటి క్రీముల వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులను అక్కడి వైద్యులు గుర్తించారు. పాదరసంతో చేసే రసౌషధాలను కూడా గర్భంతో ఉండగా వాడకపోవడమే క్షేమం. థర్మామీటరు పగిలితే గర్భిణిని పక్క గదికి పంపి, కిటికీలు తెరిచి, చీపురుతోనూ వాక్యూమ్ క్లీనరుతోనూ ఊడ్చకుండా, చుక్కలను గట్టి కాగితంతో దగ్గరకు తీసి మూత బిగించిన సీసాలో ఉంచాలి. గర్భిణులకు వేసే ధనుర్వాతం టీకాలో నిల్వ కోసం కలిపే పదార్థంలోని ఇథైల్ మెర్క్యురీ వేరే రకానికి చెందినది, ఒంట్లో నుంచి త్వరగా వెళ్లిపోతుంది, దానివల్ల హాని జరుగుతుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు తేల్చారు గనుక ఆ భయంతో టీకా మానకూడదు.

పాదరసపు పొగ దగ్గర గాలికి వీపు పెట్టి నిలబడే పనివాళ్ల జాగ్రత్తను కెమ్నిట్జ్ వైద్యుడు నాలుగున్నర శతాబ్దాలకు ముందే పుస్తకంలో పెట్టారు. కడుపులోని బిడ్డకు తిరిగి నిలబడే వీలు లేదు. ఆ బిడ్డ తరఫున బొగ్గు పొగను ప్రభుత్వమూ, పనిచోటును యజమానీ, పళ్లెంలోని చేపను ఇంటిల్లిపాదీ చూసుకోవాలి. తొలి నెలల పరీక్షకు వెళ్లినప్పుడు ఏ చేపలు ఎంత తింటున్నారో, ఏ క్రీములూ మందులూ వాడుతున్నారో ప్రతి గర్భిణీ వైద్యులకు చెప్పాలి, చెప్పకపోతే వైద్యులే అడగాలి.